ఇల్లు బాగుంది, మనుషులే బాగోలేరు

మా పిన్ని గ్రంథాలయంలో బైండరు. ఇరవై ఏడేళ్లు చిరిగిన పుస్తకాలు కుట్టింది గానీ, ఒక్కటీ చదివేది కాదు. వండేవాళ్లకి తినబుద్ధి కాదు, ఇదీ అంతే అనేది.

నేను కాలేజీలో చేరి ఆవిడ దగ్గరే ఉండేదాన్ని. ఆ వానాకాలం ఒక లావుపాటి పాత నవల అట్ట ఊడి, పేజీలు చెల్లాచెదురై పిన్ని బల్ల మీదికొచ్చింది. అంకెలున్న మూలల్ని చెదలు తినేశాయి. వరస కలపాలంటే చదవక తప్పలేదు.

సముద్రపొడ్డున రాతి మేడ, దానికో దొర, కొత్తగా వచ్చిన పెళ్లాం, మెట్ల మీద ఎవరివో అడుగుల చప్పుడు. పిన్ని మధ్యాహ్నం క్యారియర్ విప్పి, ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి చదివేదట. సాయంత్రం ఇంటికొచ్చి నాకా కథ చెబుతూ, వంటింటి తలుపు గాలికి కొట్టుకుంటే ఉలిక్కిపడేది. అంతలోనే ఆ కొత్త పెళ్లికూతురి మీద విసుక్కునేది. ఇరవై పేజీలకోసారి మూర్ఛపోతుందట, వేళకి ఇంత తింటే ఆ బాధ ఉండదు కదా అని. అంత మేడకి పనిమనిషి ఒక్కతేనట, మరి బూజెవరు దులుపుతారని ఇంకో అనుమానం.

ఎలా ఉందని లైబ్రేరియన్ గారు అడిగితే, "ఇల్లు బాగుందండీ, మనుషులే బాగోలేరు" అని చెప్పిందట.

ఒకరోజు కథ ఆపేసింది. రెండు రోజులు అడగ్గా అడగ్గా చెప్పింది. ఆ దొర, చనిపోయిన మొదటి భార్య గదికి తాళం వేసి, పన్నెండేళ్లుగా ఎవర్నీ అడుగు పెట్టనివ్వలేదట.

నేను తల వంచుకున్నాను. గడియారాలు బాగుచేసే మా బాబాయి పోయి అప్పటికి నాలుగేళ్లు. వీధివైపు ఆయన పని చేసుకున్న గదికి అప్పట్నుంచీ తాళమే. నేను వంటింట్లో స్టవ్వు పక్కన చదువుకునేదాన్ని గానీ, ఆ గది ఊసు ఎత్తేదాన్ని కాదు.

ఆదివారం పొద్దున్నే పిన్ని చీపురూ బకెట్టూ పట్టుకెళ్లి ఆ తాళం తీసింది. కిటికీ తెరిచాక బాబాయి బల్ల, దాని మీద సగం విప్పిన గడియారం, ఆయన కంటికి పెట్టుకునే భూతద్దం కనిపించాయి. ఆ అద్దాన్ని కొంగుతో తుడిచి, గుప్పిట్లో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"ఇక్కడ వెలుతురు బాగుంటుందే. నీ పుస్తకాలు తెచ్చుకో" అంది.

నవల చివర్లో దొర ఆ గది తెరవగానే తుఫానొచ్చి మేడంతా సముద్రంలో కలిసిపోతుంది. పిన్నికి మహా కోపం వచ్చింది.

"ఒక్క తలుపు తీసినందుకు కొంప ముంచాలా?"

అయినా ఆ పుస్తకానికి, ఎప్పట్నుంచో దాచుకున్న మంచి ఎర్ర గుడ్డ వేసి కుట్టింది.

బాబాయి బల్ల దగ్గర నేను మూడేళ్లు చదివాను. సాయంత్రాలు పిన్ని ఎదురుగా కూర్చుని ఏదో ఒక నవల తిరగేసేది, నచ్చకపోతే పైకే తిడుతూ. ఇప్పుడు మా ఇంట్లో ఎంత ప్రశాంతంగా ఉన్నా, ఆ తిట్లు వినబడక నాకు చదివినట్టే ఉండదు.