అవ్వ వెల్లకిలా పడుకున్న మధ్యాహ్నం

మా అవ్వ నాలుగేళ్లు పడక్కుర్చీలో కూర్చునే నిద్రపోయింది. చాప మీద వెల్లకిలా పడుకుంటే తిన్నదంతా గొంతులోకి వచ్చేది, రొమ్ములో బరువు. "లోపల ఏదో పైకి ఎక్కతా ఉండాది రా," అనేది. "నీకు ఎక్కేది కోపమొకటే అవ్వా," అనేవాణ్ణి.

మాది నగరిలో మరమగ్గాల ఇల్లు. ఆ చప్పుడులో మామూలు మాటే వినబడదు, ఇక మూలుగు సంగతి చెప్పాలా? గ్యాసు మాత్రలు తెచ్చిచ్చి మా బాధ్యత తీరిందనుకున్నాం. ఆమెకున్న కోరిక ఒక్కటే: మధ్యాహ్నం అన్నం తిని, చాప మీద కాళ్లు బార్లా చాపి కునుకు తీయాలి. మా ఇంట్లో అంత చిన్న కోరిక ఇంకెవరికీ లేదు.

ఒక ఉదయం సంగటి తిన్న కాసేపటికి అవ్వకు పొట్ట పైభాగంలో మొదలైన నొప్పి వీపులోకి పొడుచుకుపోయింది. పైగా వాంతులు. మా నాయన మగ్గాలు ఆపేశాడు. మా వీధిలో మగ్గాలు ఆగితే కరెంటైనా పోయుండాలి, మనిషైనా పోయుండాలి. కరెంటు ఉంది కాబట్టి పక్కింటివాళ్లు ఏడుపు ముఖాలతో పరుగెత్తుకొచ్చారు. అవ్వ కష్టం మీద తలెత్తి, "యాడికీ పోలేదులేమ్మా, ఈడే ఉండా," అంది.

నొప్పి వీపులో ఉంది కాబట్టి ఎముకే జారిందని ఇంటిల్లిపాదీ తేల్చాం. మా వైపు ఏది జారినా పుత్తూరు కట్టుకే పోతాం. కట్టు కట్టే పెద్దాయన ఆమె వీపంతా తడిమి చూశాడు. పొట్ట మీద పెట్టిన చెయ్యి మాత్రం వెంటనే తీసేశాడు.

"ఇది ఎముక కాదప్పా. నేరుగా తిరుపతికి తీసకపోండి," అన్నాడు నాయనతో.

"ఇంత దూరమొచ్చి ఉత్తగా పోవల్లనా? ఒక్క కట్టన్నా కట్టు సామీ," అని అవ్వ బతిమాలింది. ఆయన కట్టలేదు. ఆ మనిషికి నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

తిరుపతిలో స్కాన్ తీశారు. రొమ్ముకీ కడుపుకీ మధ్యనున్న కండరపు తెరలో, అన్నవాహిక దిగే కంత బాగా సాగిపోయిందట. అందులోంచి జీర్ణాశయం రొమ్ములోకి ఎక్కిందట. ఆ మాత్రం చాలామందిలో చూసేదేనని డాక్టరమ్మ చెప్పింది. కానీ అవ్వకు దాని వెంట క్లోమం కూడా కొంత పైకి పోయి, అక్కడ వాచింది. "ఇది చాలా అరుదు," అంటూ ఆమె ఇంకో ముగ్గురు డాక్టర్లను పిలిచింది. వాళ్లు ఆ స్కాన్‌ను పెళ్లి ఆల్బం చూసినట్టు చూశారు.

"దీన్ని హెర్నియా అంటారు పెద్దమ్మా."

"అది మగోళ్లకి గదా వచ్చేది?" అవ్వకు నిజంగానే అవమానమైంది. అంతలోనే నా వైపు తిరిగింది. "ఎక్కతా ఉండాదని నేను చెప్పలేదా? సూడు."

చూశాను. పైకి ఎక్కినవాటిలో కోపం ఎక్కడా కనబడలేదు.

వాపు తగ్గేదాకా నోటికేమీ ఇవ్వకుండా సెలైన్ మీద పెట్టారు. ఆ తర్వాత ఆపరేషన్: ఎక్కినవన్నీ కిందికి దించి, కంత కుట్టి, మీద వలలాంటి గుడ్డ వేస్తారు. ఈ వయసులో ప్రమాదముందని డాక్టరమ్మ దాచలేదు, చేయించకపోతే మళ్లీ వస్తుందనీ దాచలేదు. మా నాయన సంతకం కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అవ్వే అడిగింది. "ఆ గుడ్డ ఏం నూలమ్మా?"

"నూలు కాదు. ఒక రకం ప్లాస్టిక్ దారం."

పుట్టినప్పటి నుంచి నేతలోనే ఉన్న మనిషి, ముఖం చిట్లించింది. "సరే కానీ. తరవాత ఎల్లకిలా పడుకోవచ్చునా?"

"కొన్నాళ్లు ఆగి పడుకోవచ్చు."

"సంతకం పెట్టు రా," అంది నాయనతో.

థియేటర్ తలుపు దగ్గర స్ట్రెచర్ ఆగింది. "ఏమిరా, నోరు పడిపోయిందా? ఏదన్నా కూయి," అంది నన్ను. "లోపల ఎవురి మీదా అరవగాకు అవ్వా," అన్నాను. నా జీవితంలో అంత నాసిరకం జోకు వేయలేదు. అయినా నవ్వింది, మర్యాదకే అనుకుంటాను.

ఇంటికొచ్చాక డాక్టరమ్మ చెప్పినట్టు కొన్ని వారాలు ఎత్తు దిండ్ల మీద పడుకోబెట్టాం. ఆ తర్వాత ఒక్కో దిండూ తీసేశాం. ఒక మధ్యాహ్నం నేను అన్నానికొచ్చేసరికి పడక్కుర్చీ ఖాళీ. అవ్వ చాప మీద వెల్లకిలా, కాళ్లు బార్లా చాపి ఉంది. కదలిక లేదు. పక్కన మగ్గాల మోతలో ఊపిరి వినబడే దారి లేదు. గొంతుక్కూర్చుని ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టాను.

కళ్లు తెరవకుండానే అంది: "ఈడే ఉండా. జరుగు రా, ఫ్యాను గాలికి అడ్డం."