ఇనప దండెం

నా చిన్నప్పుడు విజయవాడ వన్ టౌన్‌లో, కొండ కింద ఒక ఇరుకు సందులో, పెంకుటింట్లో ఒక వాటాలో అద్దెకుండేవాళ్లం. వాటాలన్నిటికీ కలిపి ఒకటే వాకిలి, ఒకటే పంపు, ఒకటే దండెం. ఆ దండెం దగ్గర మా అమ్మతో ఎవరూ నెగ్గలేకపోయేవారు. పొద్దెక్కేసరికి దాని మీద సగం మా బట్టలే ఉండాలి ఆవిడకి. తడి చీరల బరువుకి కొబ్బరితాడు మాటిమాటికీ తెగుతోందని మా నాన్నను సతాయించి, దాని బదులు ఇనపతీగ కట్టించుకుంది. "ఇక చచ్చినా తెగదు" అని మురిసిపోయింది.

ఆ తీగ పక్కనుంచే వాకిట్లో బల్బుకి కరెంటు వైరు వెళ్లేది. ఎండకీ వానకీ దాని పైతొడుగు చీకిపోయి లోపలి రాగి బయటపడింది. రోజూ దాని కిందనుంచే తిరిగేవాళ్లం. ఒక్కరమైనా తలెత్తి చూసిన పాపాన పోలేదు.

శ్రావణమాసం, ముసురు పట్టిన పొద్దున. ఆ వైరు గాలికి జారి తీగ మీద పడిందని తర్వాత చెప్పుకున్నారు. అమ్మ చెప్పుల్లేని కాళ్లతో తడి నేల మీద నిలబడి, చీర ఆరేస్తూ తీగ పట్టుకుంది. కేక లేదు. అలాగే బిగుసుకుపోయింది. ఆవిడ అప్పుడప్పుడు నన్ను నవ్వించడానికి కదలకుండా బొమ్మలా నిలబడేది. ఆటే అనుకుని, నడుం పట్టుకుందామని నవ్వుతూ పరిగెత్తాను.

ఎవరో నా జడ పట్టుకుని వెనక్కి లాగారు. పక్కవాటా అక్క. బట్టలు కుట్టేది, రంజాన్‌కి మాకు సేమ్యా పాయసం పంపేది, నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనని మనిషి. "పట్టుకోకే! నువ్వూ పోతావే!" అని అరిచింది. నేను ఆమె చెయ్యి కొరికాను. అయినా వదల్లేదు, తన గదిలోకి నెట్టి గడియ పెట్టింది. కిటికీలోంచి చూస్తూ ఏడుస్తున్నాను.

మెయిన్ ఆపమని ఆమె గొంతు చించుకుంది. మెయిన్ స్విచ్ ఇంటాయన గదిలో ఉంది, ఆ గదికి తాళం. అప్పుడు పొడి చెక్కపీట తెచ్చి నేల మీద వేసి, దాని మీద నిలబడి, తలుపుకి అడ్డం పెట్టే కర్రతో అమ్మ చేతిని కొట్టి తీగనుంచి విడిపించింది. అమ్మ కుప్పకూలింది. తన అన్నకి షాక్ కొడితే తండ్రి పరిగెత్తుకెళ్లి పట్టుకున్నాడనీ, ఇద్దరినీ ఒకేసారి మోసుకెళ్లారనీ ఆమె ఎన్నో ఏళ్లకు గానీ నాకు చెప్పలేదు.

సందు చివర ఎవరో ఇల్లు కట్టుకుంటూ కృష్ణ ఇసుక పోయించుకున్నారు. "ఇసుకలో పెట్టండి, కరెంటు దిగిపోద్ది" అన్నారు ఎవరో. అందరూ అవునన్నారు. అమ్మను మోసుకెళ్లి మెడదాకా తడి ఇసుక కప్పారు. అక్క చీర కొంగులో మోసింది. నేను గుప్పిళ్లతో పోశాను. ఎంత పోస్తే అంత తొందరగా లేస్తుందనుకున్నాను. అమ్మ లేవలేదు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి అంతా అయిపోయింది.

నేను బడిపంతులమ్మనయ్యాక చాలా ఏళ్లకు మా బడికొచ్చి ప్రథమ చికిత్స నేర్పారు. కరెంటు నుంచి విడిపించాక ఒంట్లో కరెంటేమీ మిగలదట. మనిషి ఊపిరి తీసుకోకపోతే ఒకరు 108కి ఫోన్ చెయ్యాలట, ఇంకొకరు వెంటనే రొమ్ము మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా, ఆపకుండా నొక్కాలట. ఇసుక వల్ల పోయేది కాలమేనట. మిగతా టీచర్లు రాసుకుంటున్నారు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. అమ్మ రొమ్ము మీద మేం పోసిన బరువే కళ్ల ముందు కనబడింది.

అక్క అప్పటికి మంగళగిరిలో కూతురి దగ్గర ఉంటోంది. ఆ ఆదివారమే బస్సెక్కి వెళ్లాను, చెప్పేద్దామని. మంచం మీద కూర్చోబెట్టుకుని నా జడ చేతిలోకి తీసుకుంది. అప్పటికే సగం నెరిసింది.

"ఆ రోజు గట్టిగా లాగేశాను కదమ్మా. ఇంకా నా మీద కోపమా?"

"లేదక్కా. నువ్వు లాగబట్టే నేనున్నాను."

"మీ అమ్మకి మనం చెయ్యాల్సిందంతా చేశాం కదా?"

"అంతా చేశాం అక్కా" అన్నాను. ఆమె తృప్తిగా తలూపింది.

ఇప్పుడు ఆమె కూడా లేదు. మా అపార్ట్‌మెంట్ పిల్లలందరికీ దిండు మీద నొక్కించి నేర్పుతాను, ముందు మెయిన్ ఎక్కడుందో చూపిస్తాను. వాళ్లు నవ్వుతూ, పోటీలు పడుతూ చక్కగా నేర్చుకుంటారు. వాళ్ల చిన్న చేతులు దిండు మీద సరిగ్గా పెడుతున్న ప్రతిసారీ నా గుప్పిళ్లకి తడి ఇసుక తగులుతుంది.