ట్విచెల్ గారి జారుడు చెయ్యి

హార్లన్‌బర్గ్ బార్బరు ఆర్లో ట్విచెల్ గారికి ఉన్నది ఒకటే జబ్బు, చెయ్యి జారడం. అదీ ఆడపిల్లల జుట్టు దగ్గరే. మగవాళ్ల గడ్డాలు గీస్తూ ముప్పై ఏళ్లలో ఒక్క మెడకు గాటు పెట్టినవాడు కాదు. ఏ పిల్లయినా వచ్చి "చివర్లు కాస్త సరిచెయ్యండి" అని కూర్చుందా, నడుము దాకా ఉన్న జుట్టు చెవి తమ్మె దగ్గర ఆగేది.

"చెయ్యి జారిందండీ" అనేవాడు, రంకెలేస్తూ వచ్చిన తండ్రితో. "ముసలాణ్ణి. పాపం, పిల్ల ఎంత ఏడ్చిందో!"

పంతొమ్మిది వందల ఇరవై నాలుగులో అలా పదిహేడు సార్లు జారింది. పదిహేడు సార్లూ ఒకే కొలతకు. జాలిపడి పాస్టరు గారు కళ్లద్దాలు బహూకరించారు. అవి పెట్టుకున్నాక ఇంకా ఎక్కువ జారింది.

లొరెటా గ్రిగ్స్‌కు పంతొమ్మిదేళ్లు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పని. తండ్రి హోమర్‌కు దాణా మిల్లు ఉంది, ట్విచెల్ దుకాణం ఉన్న గదీ ఆయనదే. "జుట్టు కత్తిరించుకున్న పిల్ల నా గడప తొక్కదు" అని భోజనాల బల్ల దగ్గర ఎప్పుడో తీర్పు చెప్పేశాడు.

ఒక శనివారం మధ్యాహ్నం లొరెటా కుర్చీలో కూర్చుంది.

"చివర్లేనా?" ట్విచెల్ కన్నుగీటాడు.

"కాదు. చెవి దాకా కొట్టెయ్యండి."

"హుష్! నువ్వు అడిగింది చివర్లే. ఇంటికెళ్లేటప్పుడు కళ్లు బాగా నులుముకో. ఉల్లిపాయ ఇమ్మంటావా?"

లొరెటా పకపకా నవ్వింది. జుట్టు కుప్పగా నేల మీద పడింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మెడకు గాలి తగిలింది.

ఇంకా లేవనేలేదు, గుమ్మంలో హోమర్ ప్రత్యక్షమయ్యాడు. ఎవరో కబురు మోశారు.

"చెయ్యి జారిందండీ" అన్నాడు ట్విచెల్.

"మళ్లీనా? సాయంత్రంలోగా నా గది ఖాళీ చెయ్!"

ట్విచెల్ తలొంచుకున్నాడు. కత్తెరలు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దుకోసాగాడు. ఒక్క మాట అంటే బయటపడేవాడు. ఆ మాట అనలేదు.

లొరెటా అతని వైపే చూసింది. పదిహేడు మంది ఆ అబద్ధం చాటున క్షేమంగా ఇళ్లకు చేరారు. చల్లని చాటే. కానీ అక్కడ నిలబడ్డంతసేపూ ఈ జుట్టు తను తీసుకున్న నిర్ణయం కాదు, ఒక ముసలాయన చేసిన పొరపాటు. ఇప్పుడా పొరపాటుకు ఆయన దుకాణమే పోతోంది.

"నాన్నా, ఆయన చెయ్యి జారలేదు. నేనే అడిగాను."

"పిచ్చిపిల్లండీ, భయంతో ఏదో..." అన్నాడు ట్విచెల్.

"మీరుండండి. నాన్నా, నా తల, నా ఇష్టం. గడప తొక్కొద్దంటే ఎక్స్ఛేంజి పక్కన గది చూసుకుంటాను. ఈయన జోలికి మాత్రం వెళ్లకు."

ఆ పిల్ల కళ్లల్లో నీటి చుక్క లేదు. హోమర్ కూతురి చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగాడు, బస్తా కొనేముందు తిరిగినట్టు.

"ఎడమవైపు కొంచెం పొడుగుంది" అన్నాడు చివరికి. "ఇలా ఇంటికొస్తే మీ అమ్మ నన్ను తిడుతుంది. సరిచేయించుకో."

ట్విచెల్ చేతిలోని పెట్టె దభీమని బల్ల మీద పడింది.

"పొడుగా? నా కత్తెరకే వంక పెడతారా? కొలవండి! ఇప్పుడే, నా కళ్ల ముందే కొలవండి!"