నీటికోళ్ల సంచి

అడవులదీవి నుంచి రేపల్లె బస్సులో వస్తున్నాను. చాటుగా కొన్న రెండు నీటికోళ్లు కాళ్లు కట్టేసి నా సంచిలో ఉన్నాయి. దారిలో ఒక ఊరివాళ్లు తమ మడుగులోని పక్షులను కాపాడుకుంటారు. అవి పిల్లలు చేసే రోజుల్లో ఇంటికొకరు వంతులవారీగా నిలబడి బస్సులు ఆపి చూస్తారని నాకు తెలియదు.

కర్ర పట్టుకుని ఒకాయన బస్సెక్కాడు. ఒక్కొక్కరి సంచీ విప్పిస్తూ వస్తున్నాడు. కాళ్ల దగ్గర నా సంచి కదిలింది. పక్క సీట్లోని పెద్దావిడ నా ముఖం చూసి, దాన్ని తన వైపు లాక్కుంది.

"ఏంటి పిన్నీ అందులో?"

"కోళ్లురా. మా చెల్లెలికి. నీక్కూడా వండిపెట్టాలా ఏంటి?"

"నువ్వు చెప్పాక ఇంకా చూసేదేముంది" అని అతను నవ్వుతూ దిగిపోయాడు.

బస్సు కదిలాక ఆమె మెల్లగా అంది: "నిన్ను కొడతారేమోనని మా వాడితో అబద్ధమాడాను బాబూ. ముందు నగరం అనే ఊరొస్తుంది, నేనక్కడ దిగేప్పుడు ఇవి నాకిచ్చెయ్యి. కాలవ గట్టున వదిలేస్తాను. పిల్లలు గూట్లో ఎదురుచూస్తుంటాయి."

"అలాగేనండి" అన్నాను.

నగరంలో ఆమె దిగి, కిటికీ దగ్గరకొచ్చి రెండు చేతులూ చాపింది. నేను సంచిని ఒళ్లోకి తీసుకుని అవతలి వైపు చూశాను.

"ఇవ్వు బాబూ" అంది. బస్సు కదిలేదాకా అంటూనే ఉంది.

ఎందుకివ్వలేదంటే పెద్ద కారణమేమీ లేదు. తినాలనిపించింది, అంతే.

తెనాలిలో మా ఇంట్లో అందరూ కూర బాగుందన్నారు. నేనూ బాగుందనే అన్నాను.