సలాం బంతి

మా బావా నేనూ ఇద్దరం దుబాయ్‌లోనే ఉండేవాళ్లం, కానీ ఒక ఇంట్లో ఉండేవాళ్లం కాదు. బావ అంటే మా మేనత్త కొడుకు, నా మొగుడు. పెళ్లయ్యాక తను కంపెనీ వీసా మీద ముందు వెళ్లాడు, తర్వాత నేను ఒక ఆసుపత్రిలో క్లీనింగ్ పనికి వెళ్లాను. తనది అల్ కుసైస్‌లో లేబర్ క్యాంపు. నాది అక్కడికి దగ్గర్లోనే, ఆసుపత్రి వాళ్లు ఆడవాళ్లకి ఇచ్చిన బిల్డింగు. క్యాంపులోకి ఆడవాళ్లని రానివ్వరు, మా బిల్డింగులోకి మగవాళ్లని రానివ్వరు. పెళ్లి ఫోటో చూపించినా వాచ్‌మన్ నవ్వేసి గేటు వేసేవాడు. అందుకని మా కాపురమంతా శుక్రవారం పొద్దున, క్యాంపుల వెనకాల ఇసక గ్రౌండులో, ఇరవై మంది మగాళ్లు క్రికెట్ ఆడుతుంటే జరిగేది.

ఎండలు తగ్గాక మొదలయ్యేవి ఆ మ్యాచ్‌లు. మళ్లీ ఎండలు ముదిరేదాకా ప్రతి శుక్రవారం ఉండేవి. తెల్లారగానే మొదలుపెట్టి జుమ్మా నమాజుకి ముందే ముగించేవాళ్లు. మా జట్టులో అందరూ తెలుగువాళ్లే. కరీంనగర్ వైపు మేస్త్రీ ఒకాయన కెప్టెను. పిచ్ కూడా ఆయనే తన మనుషుల్ని పెట్టి సిమెంటుతో పోయించాడు. రోడ్డవతల టీకొట్టు మలయాళీ అన్న అందరికీ పసుపు టీషర్టులు ఇచ్చాడు గానీ, వీపు మీద ఆటగాడి నంబరు ఉండాల్సిన చోట తన కొట్టు ఫోన్ నంబరు వేయించాడు. అందరికీ అదే నంబరు. మా వాళ్లు పరిగెడుతుంటే అవతలి జట్టువాళ్లు "ఏక్ చాయ్ భేజో!" అని అరిచేవాళ్లు.

మా బావ కంపెనీలో ఎలక్ట్రీషియన్ దగ్గర హెల్పరు. అందుకని బంతులు చుట్టే పని తనది. టెన్నిస్ బంతి మీద కరెంటు టేపు బిగించి చుడితే అది బరువెక్కి జోరుగా పోతుంది. ఎక్కడా మడత పడకూడదు. మ్యాచ్‌కి ముందు నా గొడుగు కిందకి వచ్చి కూర్చునేవాడు. తను చుట్టేవాడు, నేను టేపు పళ్లతో తెంపేదాన్ని. ఆ కాసేపట్లోనే వారం కబుర్లన్నీ అయిపోవాలి. నేనెటూ వసపిట్టనే.

"ఒక్క నిమిషం నోరు మూసుకోవే, మడత పడతంది," అనేవాడు.

"మూసుకుంటే టేపెవరు తెంపుతారు?" అనేదాన్ని.

ఉడకబెట్టిన గుడ్లూ, పులిహోరా పట్టుకెళ్లేదాన్ని. కెప్టెన్ డబ్బా మూత తీసి చూసి, "చెల్లె తెచ్చిన గుడ్లు తిని ఎవడన్న సున్నా కొట్టిండనుకో, మల్ల వారం ఉప్పు లేకుండ తినిపిస్త," అని బెదిరించేవాడు. మా గదిలో భీమవరం వైపు నర్సు అక్క ఒకావిడ ఉండేది. అక్కడ చర్చి కూడా శుక్రవారమే. "ప్రభువు కన్నా నీకా బంతెక్కువైపోయిందే," అని ప్రతి వారం ఒక మాట అనేది. అనేసి, నేను నిద్రలేచేసరికి గుడ్లు తనే పొయ్యి మీద పెట్టి ఉంచేది.

ఆ గ్రౌండులో ఒక పద్ధతి ఉండేది. ఎవరు పెట్టారో తెలీదు, అన్ని జట్లూ పాటించేవి. ఎవరైనా శాశ్వతంగా ఇంటికి వెళ్లిపోతుంటే, వాళ్ల ఆఖరి మ్యాచ్‌లో వాళ్లకి మొదటి బ్యాటింగ్ ఇస్తారు. అవతలి బౌలరు ఎంత పోటుగాడైనా సరే, మొదటి బంతి కిందనుంచి మెల్లగా దొర్లిస్తాడు. దాన్ని ఇష్టమున్నట్టు కొట్టుకోవచ్చు. ఎవరూ ఆపరు, అందరూ చప్పట్లు కొడతారు. తర్వాత ఆ బంతి వెళ్లేవాడికే ఇచ్చేస్తారు. దాన్ని సలాం బంతి అనేవాళ్లు. సెలవు మీద వెళ్లేవాళ్లకి అది లేదు. వీసా ఖలాస్ అయినవాళ్లకే.

ఆ సీజన్ మొదట్లోనే మా జట్టులో క్యాంపు వంటాయన వెళ్లిపోయాడు. సలాం బంతిని నీళ్ల ట్యాంకరు అవతలికి కొట్టి, బ్యాటు పడేసి, అక్కడే కూర్చుని ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. "ఆయనెవరో నీకు పేరైనా తెల్దు, నీకెందుకే ఏడుపు?" అని బావ నవ్వాడు.

మేమైతే వెళ్లిపోయే ఆలోచనలో లేము. ఇంకా దగ్గరయ్యే ఆలోచనలో ఉన్నాం. ఇంటర్నేషనల్ సిటీ అప్పుడే కొత్తగా కట్టి అద్దెలకి ఇస్తున్న రోజులు. అక్కడ ఒక ఫ్లాటులో హాలుకి ప్లైవుడ్ అడ్డం కొట్టి, చిన్న జంటలకి ఇస్తున్నారు. ఒక శుక్రవారం మ్యాచ్ అయ్యాక షేరింగ్ కారులో వెళ్లి చూసొచ్చాం. మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు. అయినా కిటికీ ఉంది. తలుపు మూసుకుని ఇద్దరం ఒక గదిలో నిలబడడం ఆ దేశంలో అదే మొదటిసారి. బావ స్విచ్‌లన్నీ వేసి చూశాడు. "వైరింగు బానే ఉందే," అన్నాడు.

బావ వీసా రెన్యూవల్ అవ్వాలి. అవ్వగానే క్యాంపు బయట ఉండడానికి కంపెనీ ఒప్పుకుంటుంది. మధ్యలో ఉన్నది మెడికల్ పరీక్ష ఒక్కటే. నేను కిటికీకని పెద్ద పెద్ద పువ్వుల కర్టెను కొనేసి పెట్టెలో దాచుకున్నాను.

మెడికల్ అనగానే నర్సు అక్క, "మీ ఆయనకి చిన్నప్పుడేమన్నా జబ్బు చేసిందా?" అని అడిగింది. పదో తరగతిలో టీబీ వచ్చిందని, మందులు వాడితే పూర్తిగా తగ్గిపోయిందని, ఇప్పుడు అందరికన్నా జోరుగా పరిగెడతాడని చెప్పాను. వచ్చేటప్పుడు కూడా ఎక్స్‌రే తీశారు, ఏమీ అనలేదని కూడా చెప్పాను. అక్క చేస్తున్న పని ఆపింది. "ఇక్కడ జబ్బుందా లేదా అని చూడరమ్మా. మచ్చ కనపడిందంటే చాలు," అంది. ఆ తర్వాత నేనెంత అడిగినా మాట మార్చేసింది.

మెడికల్‌కి వెళ్లొచ్చిన వారం బావని అడిగాను. "ఇంకా రాలేదే. వత్తాది," అన్నాడు. బంతి చుడుతూ తలెత్తలేదు. మడత పడకుండా చూసుకుంటున్నాడనుకున్నాను.

ఆ మరుసటి శుక్రవారం సెమీఫైనల్. అవతల పెషావర్ టాక్సీ డ్రైవర్లు. వాళ్లలో ఒక పఠాన్ బౌలరు ఉన్నాడు, లారీ మీదకొస్తున్నట్టు వచ్చేవాడు. ఆ రోజు బావ బంతి చుట్టడానికి నా దగ్గరికి రాలేదు. క్యాంపులోనే చుట్టేసి తెచ్చాడు. దూరం నుంచే "గొడుగేస్కో, ఎండ తగుల్తాది," అన్నాడు. మాకే మొదటి బ్యాటింగ్ వచ్చింది. ఎప్పుడూ ఆఖర్లో దిగే మా బావ చేతికి గ్లవ్స్ వేసుకుంటున్నాడు.

"ఏంటన్నా, మా బావకి ప్రమోషనిచ్చారా?" అని కెప్టెన్ని అడిగాను.

ఆయన నా మొహం వంక చూసి, "అవ్ చెల్లె," అని అటు తిరిగిపోయాడు.

పఠాన్ బంతి తీసుకున్నాడు. ఎప్పుడూ కరెంటు స్తంభం దాకా వెనక్కి వెళ్లేవాడు, ఆ రోజు వెళ్లలేదు. నాలుగడుగులు నడిచి, వంగి, బంతిని మెల్లగా దొర్లించాడు. చుట్టూ చప్పట్లు మొదలయ్యాయి. నేనూ కొట్టాను. అలవాటు కదా, చేతులు వాటంతటవే లేచాయి. ఎవరబ్బా వెళ్లిపోతున్నది అని అటూ ఇటూ చూశాను కూడా. చూసి చూసి, బంతి ఎవరి వైపు పోతోందో అప్పుడు చూశాను.

బావ కొట్టలేదు. బంతి వచ్చి బ్యాటుకి తగిలి ఆగిపోయింది. తను నా వైపు చూస్తున్నాడు. నా చేతులు ఇంకా చప్పట్లు కొట్టినట్టే ఉన్నాయి, కింద పెట్టడం కూడా తెలీలేదు.

కెప్టెన్ పరిగెత్తుకొచ్చాడు. "చెల్లె, నీకు జెప్పలేదా? వాడు జెప్పిండనే అనుకున్న. నేనే వాళ్లకు జెప్పిన, పద్ధతి గదా అని. అయ్యో, నా నోట్ల మన్నువడ..." అని తల కొట్టుకున్నాడు. పఠాన్‌కి విషయం అర్థమై, బంతి బావ జేబులో పెట్టి, దూరం నుంచే నాకు రెండు చేతులూ జోడించాడు. "మాఫ్ కరో భాభీ," అన్నాడు. అంత మనిషి గొంతు చిన్నపిల్లాడిలా వచ్చింది.

ఆట ఆపేస్తారేమో అనుకున్నాను. ఆపలేదు. బావే "బౌలింగ్ వెయ్యి భాయ్," అని చెప్పాడు.

ఆ తర్వాత ఆడాడు చూడండి మా బావ. బ్యాటు పట్టడం కూడా సరిగ్గా రాని మనిషి, పఠాన్ మళ్లీ స్తంభం దాకా వెళ్లి విసిరినా అవుట్ కాలేదు. అవతల ఒకరి తర్వాత ఒకరు అవుటై వచ్చేస్తున్నారు, తను మాత్రం కదలడం లేదు. మా వాళ్లు కేకలు, ఈలలు. నాకొక్కదానికే తెలుసు ఎందుకలా ఆడుతున్నాడో. అవుటైతే వచ్చి నా పక్కన కూర్చోవాలి. కూర్చుంటే చెప్పాలి. నేను కూడా ఒకసారి దేవుడా అవుట్ చెయ్యి అనుకునేదాన్ని, బంతి పైకి లేస్తే వద్దు వద్దు అనుకునేదాన్ని.

మా ఓవర్లు అయిపోయాయి. ఇక ఆడడానికి ఏమీ లేదు. బావ బ్యాటు ఈడ్చుకుంటూ వచ్చి గొడుగు కింద కూర్చున్నాడు. మా జట్టంతా కూడబలుక్కున్నట్టు టీకొట్టు వైపు వెళ్లిపోయింది.

"గుడ్లున్నాయా?" అన్నాడు.

డబ్బా ఇచ్చాను. మూత తియ్యలేదు.

"ఎప్పుడు?" అన్నాను.

"ఆదివారం ఫ్లైటు. మంగళారం క్యాంపు బాసు పిలిచి చెప్పాడు. ఊపిరితిత్తుల్లో మచ్చంట."

"మంగళవారం తెలిస్తే ఫోన్ చెయ్యొచ్చు కదా బావా."

"చేత్తే ఏం చేద్దువే? ఆ బిల్డింగులో బాత్రూం తలుపేసుకుని ఏడుద్దువు. నేనొచ్చినా గేటు తియ్యరు. ఈ ఒక్క మ్యాచ్చీ నువ్వు ఎప్పట్లాగే అరుత్తుంటే ఆడదామనుకున్నాను. అయిపోయాక చెప్పేద్దును. కెప్టెన్ ముందు దిగమన్నాడు గానీ, పఠాన్‌కి కూడా చెప్పేశాడనుకోలేదు."

"మళ్లీ రావడానికి ఉండదా?"

"ఉండదంట. ఒకసారి అలా రాసేశాక ఏ గల్ఫుకీ ఉండదంట."

మాట్లాడుతూనే జేబులోంచి సలాం బంతి తీసి, గోటితో టేపు కొస లేపాడు. పొద్దున తనే చుట్టిన టేపు. చుట్టు చుట్టుగా ఊడదీస్తున్నాడు. ఆఖరి మ్యాచ్ అని తెలిసి కూడా మడత లేకుండా చుట్టాడు మహానుభావుడు. ఊడిన టేపు నా వేళ్లకి అంటుకుంటోంది. నోరు మూసుకోవే అనే అవసరం ఆ రోజు తనకి రాలేదు.

"నేనూ వచ్చేస్తాను," అన్నాను ఆఖరికి.

"కాంట్రాక్టు మధ్యలో నిన్నెవరు వదుల్తారే? పాస్‌పోర్టు వాళ్ల దగ్గరుంది."

"మరి కర్టెనో?"

అదెందుకు అడిగానో తెలీదు. బావ ఆలోచించాడు, నిజంగానే ఆలోచించాడు. "నేను పట్టుకుపోతాన్లే. మనింటి కిటికీకి కడదాం."

"మనింటి కిటికీ ఎంతుంది? అది నేలదాకా వస్తుంది."

"కోయిద్దాంలే," అన్నాడు. అప్పుడు ఏడ్చాం ఇద్దరం, కర్టెను కోయించడం గురించి.

ఆ మ్యాచ్ మా వాళ్లే గెలిచారు. గెలిచారు కాబట్టి ఫైనల్ వచ్చింది, ఫైనల్ నాటికి బావ లేడు. ఆదివారం నాకు డ్యూటీ. ఎయిర్‌పోర్టుకి వెళ్లలేకపోయాను. కర్టెను శనివారం రాత్రి, మా బిల్డింగు గేటు వేసేశాక, వాచ్‌మన్ చేతికిస్తే, గేటవతల నుంచి బావ తీసుకున్నాడు. ఆ రోజు వాచ్‌మన్ నవ్వలేదు. గేటు కాసేపు తీసే ఉంచాడు, కానీ దాటడానికి మాకిద్దరికీ ధైర్యం రాలేదు.

ఫైనల్‌కి నేను గుడ్లు పట్టుకెళ్లాను. బయటి మనిషిని ఒకణ్ణి తీసుకుని పదకొండు మందిని చేసుకోమని అందరూ చెప్పినా కెప్టెన్ వినలేదు. "పది మందితోనే ఆడ్తం," అన్నాడు. పది మందితోనే ఓడిపోయారు. బంతి ఎవరో చుట్టారు, అది ఒక పక్కకి పోయింది.

తర్వాతి ఏడాది ఆ కంపెనీ సైటు మారిపోయి, మా వాళ్లలో సగం మందిని అబుదాబి దగ్గర బనియాస్ క్యాంపుకి పంపేశారు, కెప్టెన్‌తో సహా. పసుపు టీషర్టులు కొత్తవాళ్లు వేసుకున్నారు. నేను మాత్రం శుక్రవారాలు మానలేదు. నర్సు అక్క కూడా దెప్పడం మానేసి గుడ్లు ఉడకబెట్టేది. బావ ఫోన్ చేసినప్పుడు ముందు స్కోరు అడిగేవాడు, తర్వాతే నా సంగతి.

నా కాంట్రాక్టు అయిపోయిన వారం గ్రౌండుకి వెళ్లాను. నన్ను ఎరిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. నేను వెళ్లిపోతున్నానని ఎవరికీ చెప్పలేదు. గొడుగేసుకుని కూర్చుని, అందరికీ డబ్బా తిప్పి, ఎప్పట్లాగే అరిచాను. ఒక్క బంతి కూడా వదలకుండా చూశాను.

ఆట అయ్యాక కొత్తగా చేరిన ఒకతను డబ్బా కడిగి తెచ్చిచ్చాడు. "అక్కా, వచ్చే వారం పులిహోరలో పల్లీలు కొంచెం ఎక్కువెయ్యండి," అన్నాడు.

"వేస్తాలే," అన్నాను.