గట్టిమేళానికి దూది

ఇది చదివాక మీ జీవితమే మారిపోతుందని మొదలుపెట్టాలనుకున్నాను. మారదు. గిద్దలూరు నుంచి మార్కాపురం పోయే బస్సులో ఒకాయన నా పక్కన కూర్చున్నాడు, అంతే.

ఆయన ఒళ్ళో డోలు. నా చెవుల్లో ఇయర్‌ఫోన్లు, సౌండు నిండుగా. ఆ రోజుల్లో బస్సు దిగాక కూడా నా చెవుల్లో ఈల మోగుతూనే ఉండేది. చెవుడొస్తుందేమోనని భయం. ఆ భయం వినబడకుండా సౌండు ఇంకాస్త పెంచేవాణ్ణి.

కాసేపటికి చూస్తే ఆయన నా పాటకే డోలు మీద వేళ్ళతో దరువు వేస్తున్నాడు. ఇయర్‌ఫోన్లు తీశాను.

"నీకు గూడా వినబడతాందా మామా?"

"నాకేంది, డ్రైవరుకు గూడా వినబడతాంది అల్లుడూ. పెళ్ళిళ్ళలో డోలు కొట్టే నేనే గట్టిమేళానికి చెవుల్లో దూది పెట్టుకుంటా."

"మరి తాళి కట్టేది ఎట్ల తెలుస్తాది?"

"పంతులు చెయ్యెత్తుతాడు. ఒకసారి ఆయన ఈగను తోలినాడు, నేను గట్టిమేళం మోగించినా. తాళి ఇంకా పళ్ళెంలోనే ఉండాది. జనం అక్షింతలు గూడా ఏసేసినారు!"

"తిట్టలేదా?"

"తిట్టినారంట. దూది ఉండాది గదా!"

ముందు సీట్ల వాళ్ళు కూడా వెనక్కి తిరిగి నవ్వారు. నేను నవ్వుతూనే సౌండు సగానికి దించాను. ఆయన మొహం చిన్నబోయింది.

"తగ్గించినావేంది? ఇప్పుడే గదా ఊపొచ్చింది!"

ఒక ఇయర్‌ఫోను ఆయన చెవిలో పెట్టాను. ఆయన బేస్తవారిపేటలో దిగేదాకా డోలు ఆగలేదు.

ఇప్పటికీ సౌండు సగం దాటనివ్వను. ఈల మోగడం లేదు. ఫోను ఛార్జింగు కూడా మార్కాపురం దాకా వస్తోంది.