మెత్తటి చెప్పులు

పామర్రు దగ్గర కాలవ గట్టు కాసే లస్కరు అబ్రహాము. వయసు యాభై రెండు. లాకుల నుంచి చివరి తూము దాకా తొమ్మిది కిలోమీటర్ల గట్టు అతనిది. రోజూ పొద్దున్నే సైకిలు మీద వెళ్లి, ఎక్కడ మట్టి జారినా, గట్టుకు కన్నంలా బుంగ పడినా ఇరిగేషన్ ఏఈ గారికి ఫోన్లో చెప్పాలి.

ఆ సెప్టెంబరులో కాలవ అంచుల దాకా పారుతోంది. అబ్రహాము మాత్రం మూడు రోజులుగా ఆరో కిలోమీటరు నుంచే వెనక్కి తిరుగుతున్నాడు. కుడి పాదం మధ్యలో మంట మొదలై, అరగంట తొక్కేసరికి వేళ్లలోకి పాకుతోంది. ఆ తర్వాత వేళ్లు ఉన్నట్టే తెలియడం లేదు. మెత్తగా ఉంటే నొప్పి తగ్గుతుందని స్పాంజి చెప్పులు కొన్నాడు. ఇంకా ఎక్కువైంది. భార్య సంపూర్ణమ్మకు కూడా చెప్పలేదు. సాయంత్రం ఏఈ గారు అడిగితే, "అంతా బాగానే ఉందండీ" అనేవాడు.

నాలుగో రోజు ఇంకా బయల్దేరకముందే ఫోను మోగింది. చివరి తూము పక్కన నాలుగెకరాలు చేసుకునే మాణిక్యమ్మ.

"అబ్రహామూ, మా చేలోకి నీళ్లొస్తన్నాయి. తూము మూసే ఉంది."

"తేటగా ఉన్నాయామ్మా, బురదగానా?"

"బురదే."

తేట నీళ్లయితే ఉత్త ఊట. బురద వస్తోందంటే గట్టు లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టే.

ఏఈ గారికి అప్పుడే చెప్పాల్సింది. చెబితే నిన్నటి సంగతి అడుగుతారు. ముందు కళ్లతో చూద్దామని సైకిలెక్కాడు.

అయిదో కిలోమీటరు దాటేసరికి కాలు మొద్దుబారింది. ఏడో కిలోమీటరులో గట్టు సన్నబడ్డ చోట పాదం పెడలు మీద నుంచి జారిపోయింది. అది జారినట్టు కూడా అతనికి తెలియలేదు. సైకిలు కాలవ వైపు ఒరిగింది. తుమ్మ కొమ్మ దొరికింది కాబట్టి ఆగాడు, లేకపోతే నీళ్లలో ఉండేవాడు. కుడి చెప్పు నీళ్లలో పడి కొట్టుకుపోయింది. మిగతా దూరం మడమతో తొక్కాడు.

చేలో వరి మొదళ్లు మునిగి ఉన్నాయి. కాలవలో గట్టుకు మూరెడు దూరంలో నీళ్లు చిన్న సుడి తిరుగుతున్నాయి. బుంగ నోరు అదే. అప్పుడు ఏఈ గారికి ఫోన్ చేశాడు.

ఇసుక బస్తాలు వచ్చేలోగా చుట్టుపక్కల రైతులు గడ్డి మోపులు తెచ్చారు. అబ్రహాము మెడలోతు నీళ్లలో దిగి వాటిని బుంగ నోట్లో కుక్కుతూ నిలబడ్డాడు. రెండు గంటలకు సుడి ఆగింది.

ఏఈ గారు గట్టు మీద నిలబడి అడిగారు. "నిన్న ఇక్కడేం కనపళ్లేదా?"

మాణిక్యమ్మ అతని వంకే చూస్తోంది.

"నిన్న రాలేదండీ. మూడు రోజుల్నించి ఇటు రాలేదు. కాలు నొప్పికి మధ్యలోనే తిరిగెళ్లిపోయా."

"మరి బాగుందన్నావు?"

"అబద్ధం చెప్పానండీ."

ఆయన "రాసివ్వు" అని వెళ్లిపోయారు.

మధ్యాహ్నం పామర్రు సెంటర్లో చెప్పులు కుట్టే యేసుకుమార్ నొప్పి సంగతి విని, మిగిలిన చెప్పును రెండు వేళ్లతో మడిచి చూశాడు.

"పెడలుకి రబ్బరుందా బాబాయ్?"

"పోయి ఏడాదైంది."

"ఇంకేం. ఆ ఇనప కడ్డీ నేరుగా పాదంలో దిగబడతంది. నడకకి మెత్తన బాగుంటది గానీ తొక్కేవాడికి అడుగు గట్టిగా ఉండాల. టైరు అట్ట వేసి కొత్త జత కుడతా, మడమకి పట్టీ పెడతా. వేళ్లు కదలాల, బిగించి కట్టమాక. పాదం మధ్యతో తొక్కమాక, వేళ్ల మొదలు పెడలు మీద ఆనాల."

సాయంత్రం పెడళ్లకు కొత్త రబ్బర్లు వేయించాడు. ఇంట్లో సంపూర్ణమ్మకు అరికాలు చూపించాడు. అడ్డంగా కమిలిన గీతను ఆమె వేలితో తాకింది. "నాకెందుకు చెప్పలా?" అంది.

మెమో వచ్చింది. జరిగింది జరిగినట్టు రాసిచ్చాడు. ఉద్యోగం పోలేదు. కాలు సర్దుకోవడానికి పదిహేను రోజులు పట్టింది. చేను నిలబడింది, అంచున రెండు సెంట్ల పైరు మాత్రం కుళ్లిపోయింది. మాణిక్యమ్మ ఇప్పుడు రోజూ పొద్దున్నే గట్టు మీదికొచ్చి నిలబడుతుంది. అతను వచ్చే వైపే చూస్తుంటుంది. అబ్రహాము సైకిలు దిగి, బస్తాలు వేసిన చోట వంగి మట్టిని అరచేత్తో అదిమి తడి చూస్తాడు. అతను లేచి చెయ్యి తుడుచుకునేదాకా ఆమె కదలదు.